పక్కింటి గొంతు మన టీవీలో

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సంగతి మీద ఉన్నాయి. హ్యామ్ రేడియో (లైసెన్సు తీసుకుని ఇష్టం కొద్దీ సొంత రేడియో సెట్ మీద దూరాలతో మాట్లాడే అలవాటు; అలా మాట్లాడేవాళ్లనీ హ్యామ్‌లనే అంటాం), టీవీ, మధ్యలో ఇరుగుపొరుగు. అందుకని ఇన్వర్టర్ల ప్రశ్నలు వచ్చే నెలకు జరిపి పేజీ మొత్తం వీటికే ఇస్తున్నాను. పగలు టీవీలు రిపేరు చేసి బతికినవాణ్ణి, రాత్రి హ్యామ్ సెట్ ముందు కూర్చున్నవాణ్ణి. రెండువైపుల బాధా నాకు తెలుసు.

ప్రశ్న: నమస్కారమండీ. మాది నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. పై ఫ్లాటులో ఇంజనీరింగ్ చదివే అబ్బాయి హ్యామ్ రేడియో లైసెన్సు తెచ్చుకుని మేడ మీద తీగ కట్టాడు. అప్పట్నుంచి రాత్రి ఎనిమిది దాటితే మా టీవీలో బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతోంది, ఒక్కోసారి అలాగే ఆగిపోతోంది. సౌండ్‌బార్‌లోంచి బాతు అరిచినట్టు ఏదో గొంతు. మాది కేబుల్ కనెక్షను. అబ్బాయిని అడిగితే "నా సెట్ కరెక్టుగానే ఉందాంటీ" అంటాడు. అసోసియేషన్ వాళ్లు తీగ పీకేయమంటున్నారు. నాకు అంతదూరం వెళ్లాలని లేదు. కానీ లైసెన్సు ఉన్నంత మాత్రాన మా టీవీ పాడుచేయొచ్చా?
ఒక గృహిణి, కాకినాడ

జవాబు: అమ్మా, తీగ పీకించకండి. మీరు చెప్పేది నిజం, అబ్బాయి చెప్పేదీ నిజమే అయ్యుండొచ్చు. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చని తెలియకే చాలా ఇళ్ల మధ్య మాటలు పోయాయి.

లైసెన్సు సంగతి ముందు చెప్పేస్తాను. అది కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం ఇచ్చేది. పరీక్ష రాసి తెచ్చుకోవాలి. ఏయే ఫ్రీక్వెన్సీల్లో, ఎంత పవర్‌తో మాట్లాడాలో దానికి హద్దులున్నాయి. ఆ హద్దు దాటి అతని సెట్ చెత్త వదులుతుంటే బాగుచేసుకోవాల్సింది అతనే, అందులో రెండో మాట లేదు. కానీ అతని సెట్ శుభ్రంగా ఉండి, మీ ఇంటికొచ్చే కేబులే అతని మాటని పట్టేసుకుంటుంటే పని కేబుల్ వైపు ఉన్నట్టు. మేడ మీది తీగను చూసి ఇది ఫలానా అని ఎవరూ చెప్పలేరు. ఒక్కొక్కటీ తీసి చూస్తేనే తెలుస్తుంది. దానికి ఇద్దరూ కావాలి.

ఒక ఆదివారం సాయంత్రం అబ్బాయిని టీకి పిలవండి. టీ తాగాక అతను పైకి వెళ్లి సెట్ ముందు కూర్చుంటాడు, మీరు టీవీ ముందు ఉంటారు, ఫోన్ స్పీకర్‌లో పెట్టుకోండి. "ఇప్పుడు మాట్లాడుతున్నా", "ఆపేశా" అని అతను చెబుతుంటే మీరు బొమ్మ చూడండి. అతను ఆపినా బొమ్మ విడిపోతుంటే అసలు దొంగ వేరే ఉన్నాడన్నమాట. అతనితో పాటే వచ్చి, అతనితో పాటే పోతుంటే ముందుకు వెళ్దాం.

అన్ని ఛానెళ్లూ పాడవుతున్నాయా, కొన్నేనా? డిజిటల్ కేబుల్‌లో చాలా ఛానెళ్లని ఒక మూట కట్టి ఒకే ఫ్రీక్వెన్సీ మీద పంపుతారు. ఎప్పుడు చూసినా అవే పదో పన్నెండో ఛానెళ్లు పోతుంటే, అతని ఫ్రీక్వెన్సీ ఆ మూట నడిచే చోటే ఎక్కడో లోపలికి దూరుతోంది. అబ్బాయి 145 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడేవాడైతే ఇదే మొదటి అనుమానం, ఎందుకంటే కేబుల్ వాళ్లు తమ తీగలో ఆ భాగాన్నీ వాడుకుంటారు. గాలిలో ఆ జాగా హ్యామ్‌లది. తీగ లోపల కేబుల్ వాళ్లది. తీగకు చిల్లు లేనంతవరకే ఈ సర్దుబాటు. అలా కాక అన్నీ పోతూ, సెట్‌టాప్ బాక్స్ దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతుంటే కరెంటు తీగ వైపు చూడాలి.

తర్వాత సెట్‌టాప్ బాక్స్‌ని టీవీ నుంచి పూర్తిగా విప్పేసి, పెన్‌డ్రైవ్‌లో ఏదైనా సినిమా వేసుకోండి. అప్పుడూ తేడా వస్తే కేబుల్‌కి సంబంధం లేదు, టీవీ కరెంటు వైరు గుండానో నేరుగానో వస్తోంది. సౌండ్‌బార్ వాల్యూమ్ సున్నాకి తగ్గించినా బాతు గొంతు అంతే గట్టిగా ఉంటే, వాల్యూమ్ తర్వాతి భాగంలో దూరుతోంది, అంటే స్పీకర్ వైర్లే ఏరియల్ అయ్యాయి. ఆ గొంతు బాతులా ఎందుకుంటుందంటే, హ్యామ్‌లు వాడే పద్ధతిలో మాటని మోసే తరంగాన్ని తీసేసి మిగతాదే గాలిలోకి పంపుతారు. తీసేసినదాన్ని అవతలి రిసీవర్ పూరించుకుంటుంది. మీ సౌండ్‌బార్‌కి ఆ విద్య తెలియదు.

చివరగా అబ్బాయి తన వంతు పరీక్ష చేయాలి. మేడ మీది తీగ విప్పేసి, దాని స్థానంలో డమ్మీ లోడ్, అంటే పవర్‌ని గాలిలోకి పంపకుండా వేడిగా మార్చేసే ఉత్తుత్తి ఏరియల్, తగిలించి మాట్లాడాలి. అతని దగ్గర లేకపోతే 1 కిలోఓమ్, 2 వాట్ల రెసిస్టర్లు ఇరవై తెచ్చి పక్కపక్కన కలిపి టంకం పెడితే 50 ఓములు వస్తుంది. వైర్ చుట్టిన రకం కాకుండా కార్బనో మెటల్ ఫిల్మో తీసుకోవాలి. డమ్మీ లోడ్ మీద కూడా మీ టీవీ పాడైతే అతని సెట్టో, పవర్ సప్లయో కారుతోంది. అది అతని పని. శుభ్రంగా ఉంటే ఏరియల్ నుంచి వచ్చి మీ తీగల్లో దూరుతోంది.

నా అంచనా చెప్పమంటే, మీ మెట్ల దగ్గర గోడమీద కేబుల్ వాళ్లు బిగించిన స్ప్లిటర్ (ఒక కేబుల్‌ని ఇళ్లకి పంచే చిన్న డబ్బా) ఉంటుంది, టార్చి వేసి దాన్ని చూడండి. నేను ఇలాంటివి వందలు విప్పాను. కేబుల్ పైతోలు బ్లేడుతో రెండంగుళాలు చీరి ఉంటుంది, లోపలి జాలీని వెనక్కి మడిచి మెలితిప్పి ఉంటుంది, నడిమి రాగితీగని పిన్ను లేకుండానే రంధ్రంలో గుచ్చి నల్లటేపు చుట్టి ఉంటుంది. టేపు విప్పితే జిగురు వేళ్లకి అంటుకుంటుంది, జాలీ పోగులు పచ్చగా చిలుము పట్టి గిల్లితే పొడిగా రాలతాయి. ఆ జాలీయే తీగకి గోడ. గోడ రాలిపోయాక నడిమి తీగ ఏరియల్ కాక ఏమవుతుంది? కేబుల్ అబ్బాయిని పిలిచి ప్రతి జాయింటుకీ మంచి పిన్ను బిగించమనండి, వాడని రంధ్రాలకి మూత పెట్టమనండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

తీగ పీకించొద్దని ఎందుకంటున్నానో చెప్పాలి. 1988లో మాట. మాది సూళ్లూరుపేట. మద్రాసు దూరదర్శన్ మాకు ఎనభై కిలోమీటర్లు. బొమ్మ రావాలంటే మేడ మీద ఇనుప పైపు నిలబెట్టి, కొసన అల్యూమినియం ఏరియల్, దాని కిందే సిగ్నల్‌ని పెంచే బూస్టర్ కట్టాలి. నేను 807 వాల్వుతో సొంతంగా చేసుకున్న ట్రాన్స్‌మీటర్ మీద ఆదివారం పొద్దున 21 మెగాహెర్ట్జ్‌లో జపాన్ వాళ్లతో మాట్లాడేవాణ్ణి. సరిగ్గా అదే వేళకి పక్కింటి మామ్మగారు పురాణం సీరియల్ చూసేవారు. నేను మైకు నొక్కగానే దేవుళ్ల మొహాల మీద ఈతచాప అల్లికలా ఏటవాలు గీతలు పరుచుకునేవట. ఆవిడ నన్నేమీ అనలేదు. రెండు వారాలు చూసి, మూడో వారం మా అమ్మతో "మీవాడి మిషను ఆదివారం ఒక్క గంట ఆపమను తల్లీ" అన్నారంతే. అది విన్న పూట నాకు అన్నం సయించలేదు.

లెక్క వేసి చూశాను. 21.2ని మూడుతో హెచ్చవేస్తే 63.6. మద్రాసు స్టేషను వచ్చేది ఛానెల్ 4లో, అంటే 61 నుంచి 68 మెగాహెర్ట్జ్ మధ్య. ఏ ట్రాన్స్‌మీటరైనా అసలు ఫ్రీక్వెన్సీతో పాటు దానికి రెండింతలు, మూడింతలు ఉన్నవాటిని కూడా కాస్త వదులుతుంది. వాటిని హార్మోనిక్స్ అంటాం. నా మూడో హార్మోనిక్ వెళ్లి మామ్మగారి సీరియల్ మీద కూర్చుంటోంది. అది పూర్తిగా నా తప్పు. రాగితీగ చుట్టలు, కెపాసిటర్లు కలిపి రేకు డబ్బాలో లో-పాస్ ఫిల్టర్ కట్టాను. 30 మెగాహెర్ట్జ్ లోపలివాటిని వదిలి, పైవాటిని ఆపే జల్లెడ అది. మా ఇంట్లో టీవీ శుభ్రపడింది. మామ్మగారిది సగమే తగ్గింది.

మిగతా సగం కోసం ఆవిడ మేడెక్కాను. మా గురువుగారు మా ఇంట్లో మైకు పట్టుకుని ఒకట్లు రెండ్లు చదువుతున్నారు. నేను వెదురుకర్రతో పైపుని కొంచెం ఊపాను. "గీతలు మారినయ్!" అని కిందినుంచి ఆవిడ మనవడు అరిచాడు. పైపుకి ఏరియల్‌ని పట్టి ఉంచిన బిగింపు దగ్గర చూస్తే అల్యూమినియం మీద తెల్లటి పొడి, ఇనుప బోల్టు చుట్టూ ఎర్రటి తుప్పు, రెండూ కలిసి పెచ్చు కట్టి ఉన్నాయి. పులికాట్ మీదినుంచి వీచే ఉప్పుగాలి చేసిన పని. రెండు లోహాల మధ్య ఆ తుప్పు పొర డయోడులా, అంటే కరెంటుని ఒకవైపే పోనిచ్చే భాగంలా పనిచేస్తుంది. నేను ఎంత శుభ్రమైన తరంగం పంపినా అక్కడికి చేరాక అదే కొత్త హార్మోనిక్స్ పుట్టిస్తుంది. బోల్టు మార్చి, ఉప్పుకాగితంతో రెండువైపులా మెరిసేదాకా రుద్ది గ్రీజు పూశాను. బూస్టర్ కూడా పక్కనే ఉన్న నా జోరు తట్టుకోలేక ఉక్కిరిబిక్కిరవుతోంది. ఏరియల్‌కీ బూస్టర్‌కీ మధ్య చిన్న హై-పాస్ ఫిల్టర్, అంటే కింది ఫ్రీక్వెన్సీలని ఆపి పైవాటిని వదిలే జల్లెడ పెట్టాను. తర్వాతి ఆదివారం మామ్మగారి పక్కన చాప మీద కూర్చుని సీరియల్ మొత్తం చూశాను. గురువుగారు మా ఇంట్లోంచి జపాన్‌తో మాట్లాడుతూనే ఉన్నారు. ఒక్క గీత పడలేదు.

మీ కాకినాడకీ ఆ ఉప్పుగాలి ఉంది. మేడ మీద పాత ఏరియల్ పైపులు, వాడని డిష్షులు, తుప్పు పట్టిన తీగలు ఏమున్నా తీయించేయండి.

అసోసియేషన్ వాళ్లు "ఆ తీగ ఎవరికి ఉపయోగం" అంటే ఇది చెప్పండి. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందంతో వెళ్లిన భారతీ ప్రసాద్ గారు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నారు. ఫోన్లు మూగబోయిన అండమాన్ నుంచి క్షేమసమాచారాలు ఆమె హ్యామ్ సెట్ మీద బయటికి వచ్చాయి. తుఫాను తీరంలో ఉండే ఊరికి మేడ మీద అలాంటి తీగ ఒకటి ఉండటం మంచిదే.

ప్రశ్న: సార్, నేను కొత్త హ్యామ్‌ని. 7 మెగాహెర్ట్జ్‌లో 50 వాట్లతో మాట్లాడతాను. ఎదురింటి అంకుల్ వాళ్ల డీటీహెచ్ ఆగిపోతోందని ఆన్‌లైన్‌లో హై-పాస్ ఫిల్టర్ కొని వాళ్ల డిష్ కేబుల్‌కి బిగించాను. ఇప్పుడు అసలు సిగ్నలే లేదని వస్తోంది. వాళ్ల బాక్స్ కాలిపోయిందేమోనని ఒకటే టెన్షన్. ఆంటీ మాట్లాడటం లేదు. ఏం చేయను?
తణుకు నుంచి ఒక విద్యార్థి

జవాబు: తమ్ముడూ, బాక్స్ కాలి ఉండదు. ముందు ఫిల్టర్ తీసెయ్. డిష్ కొసన ఉండి సిగ్నల్‌ని పట్టే ఎల్ఎన్‌బి అనే ముక్కకి కరెంటు ఆ కేబుల్ గుండానే వెళ్తుంది, 13 లేదా 18 వోల్టులు. మామూలు హై-పాస్ ఫిల్టర్‌లో వరసగా కెపాసిటర్లు ఉంటాయి కాబట్టి ఆ కరెంటుని అడ్డుకుంటుంది. ఎల్ఎన్‌బికి తిండి లేక నోరు మూసుకుంది, అంతే. మేడ మీద బూస్టర్ ఉన్నచోట కూడా ఇదే జాగ్రత్త. ఫిల్టర్ బూస్టర్‌కి పైన, ఏరియల్ వైపు ఉండాలి గానీ కింద కాదు.

డిష్ కేబుల్ లోపల నడిచేది 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్. నీ 7 దానికి ఎక్కడా తగలదు. మరి ఎలా పాడవుతోంది? జాలీ లోపలి సిగ్నల్‌ని కాపాడుతుంది నిజమే, కానీ జాలీ పైముఖం మాత్రం గాలిలో వేలాడే తీగే కదా. నీ తరంగం ఆ పైముఖం మీద పాకుతూ వెళ్లి బాక్స్‌లో దిగుతోంది. మేడ మీదినుంచి హాల్లోకి కేబుల్ సుమారు పది మీటర్లు ఉంటుంది చూడు, 7 మెగాహెర్ట్జ్‌కి అది పావు తరంగం పొడవు. నీకోసం కట్టిన ఏరియల్‌లా ఉంటుంది.

దీనికి మందు ఫెర్రైట్ రింగు, అంటే ఇనుము కలిసిన నల్లటి పింగాణీలాంటి రింగు. బాక్స్‌కి దగ్గరగా ఆ కేబుల్‌ని రింగు చుట్టూ పది పన్నెండు చుట్లు తిప్పు. ఒక చుట్టు కన్నా మూడు చుట్లకి అడ్డంకి తొమ్మిది రెట్లు పెరుగుతుంది, కాబట్టి ఒక్కసారి దూర్చి వదిలేయడం దండగ. లోపలి సిగ్నల్‌కీ, కరెంటుకీ ఏమీ కాదు. డిష్ కేబుల్ బిరుసుగా ఉంటుంది, బలవంతంగా వంచితే లోపల నలుగుతుంది. పెద్ద రింగు తీసుకో. బాక్స్ కరెంటు వైరుకీ ఒకటి చుట్టు. హెచ్‌డీఎంఐ వైరుకి క్లిప్పులా మూసుకునే రకం పెట్టు. హైదరాబాద్ వెళ్తే కోఠీ గుజరాతీ గల్లీలో, చెన్నై అయితే రిచీ స్ట్రీట్‌లో అడుగు. పాత డబ్బా టీవీ పడేసింది దొరికితే పిక్చర్ ట్యూబ్ మెడ మీద ఉండే యోక్‌లోంచి రాగితీగ విప్పేస్తే నల్లటి రింగు మిగులుతుంది, అదీ ఫెర్రైటే. 7 దగ్గర చక్కగా పనిచేస్తుంది, 145 దగ్గర దానిమీద ఆశ పెట్టుకోకు. ఆ డబ్బా టీవీని మాత్రం తెలిసిన మెకానిక్ చేతే విప్పించు. ట్యూబ్‌లో నిలవున్న కరెంటు చాలా గట్టిగా కొడుతుంది.

నీ వైపు పని కూడా ఉంది. తీగ కొసని నేరుగా గదిలోకి తెచ్చి సెట్‌కి కట్టావా? చాలామంది కొత్తవాళ్లు అదే చేస్తారు. అలా అయితే నీ గదీ, వాళ్ల హాలూ కూడా ఏరియల్‌లో భాగమే. ఇరవై మీటర్ల డైపోల్ (నడిమిన కేబుల్ తగిలే, రెండు సమాన చేతుల తీగ ఏరియల్) కట్టి, నడిమిన బాలన్ (తరంగం ఆ కేబుల్ పైముఖం మీద పాకకుండా ఆపేది) పెట్టి, ఇళ్లకు వీలైనంత దూరంగా, ఎత్తులో లాగు. ఈ పని అయ్యేదాకా వాళ్లు టీవీ చూసే వేళ 5 వాట్లకి దిగిపో.

ఇంకొకటి. వాళ్ల టీవీ మూతగానీ బాక్స్ మూతగానీ ఎన్నడూ నువ్వు విప్పకు. ఒకసారి నీ చెయ్యి పడిందంటే, మరుసటి ఏడాది రిమోట్ పాడైనా నీ తలుపే కొడతారు. బయట రింగు చుట్టడం వరకే నీ హద్దు. వెళ్లి ఫిల్టర్ తీసి, ఆంటీకి "పొరపాటు నాదే" అని చెప్పు. బొమ్మ వచ్చాక ఆవిడే మాట్లాడతారు.

ప్రశ్న: మా వీధిలో ఒక హ్యామ్ ఉన్నారు. మా కేబుల్ టీవీ బొమ్మ ఆగుతోందనీ, రేడియోలో గర్రుమంటోందనీ ఆయన్ని నిలదీశాం. కానీ ఆయన పది రోజులుగా ఊళ్లో లేకపోయినా అదే తంతు. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా.
రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ధర్మవరం

జవాబు: మాస్టారూ, ఆయన ఊరినుంచి రాగానే ముందు ఆ మాట ఆయనతో చెప్పండి. సాయంత్రం ఆరుకి మొదలై పదకొండుకి ఆగేది దీపం. ఎక్కడో ఒక ఎల్ఈడీ బల్బో, దాని లోపలి సర్క్యూటో, అడాప్టరో రొద చేస్తోంది. బ్యాటరీ మీద నడిచే చిన్న ట్రాన్సిస్టర్‌ని మీడియం వేవ్‌లో స్టేషన్ లేనిచోట పెట్టి, మీ ఇంటి మెయిన్ ఆపి చూడండి. గర్రు ఆగితే మీ ఇంట్లోనే ఉంది, ఒక్కో స్విచ్చూ వేస్తూ పట్టుకోవచ్చు. ఆగకపోతే ట్రాన్సిస్టర్ పట్టుకుని వీధిలోకి నడవండి. దాని లోపల పొడుగ్గా ఒక ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది. సెట్‌ని అడ్డంగా పట్టుకుని మెల్లగా తిప్పితే ఒక దిక్కున రొద బాగా తగ్గిపోతుంది. అప్పుడు ఆ కడ్డీ కొస చూపించే వరసలోనే మీ దొంగ ఉంటాడు. అది కరెంటు స్తంభం దగ్గరికి తీసుకెళ్తే లైన్‌మన్‌కి చెప్పండి. స్తంభాన్ని తట్టడం, దాన్ని నేలకి లాగి కట్టిన స్టే వైరు ఊపడం చేయకండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. డాబా మీద ఏరియల్‌తో లోకల్ ఛానెళ్లు చూస్తాం. పక్కింటాయన హ్యామ్, 28 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడినప్పుడు కొన్ని ఛానెళ్లు పోతున్నాయి. కంప్లయింట్ ఇవ్వాలా?
ఒక పాఠకుడు

జవాబు: బాబూ, కంప్లయింట్‌కి ముందు మీ టీవీ వెనకో, దాంతో వచ్చిన పుస్తకంలోనో ఎఫ్‌సీసీ (అక్కడి రేడియో, టీవీ నియమాలు చూసే ప్రభుత్వ సంస్థ) పార్ట్ 15 అనే నాలుగు వాక్యాలు చదవండి. బయటినుంచి వచ్చే అంతరాయాన్ని ఈ పరికరం భరించాలని అందులోనే రాసి ఉంటుంది. ఆయన తరంగం శుభ్రంగా ఉంటే మీ వైపే ఏదైనా చేసుకోవాలి. శుభ్రంగా లేకపోతే ఆయన సరిచేసుకోవాలి. అక్కడి హ్యామ్‌లు మర్యాదగా అడిగితే ఫిల్టర్ తెచ్చి ఇచ్చేవాళ్లే ఎక్కువ. 28కి రెట్టింపు 56 నుంచి మొదలవుతుంది, మీ దగ్గర ఛానెల్ 2 ఉండేది 54 నుంచి 60 మధ్య. తెర మీద కనిపించే నంబరు అసలు నంబరు కాకపోవచ్చు కాబట్టి, టీవీ సిగ్నల్ మెనూలో పోతున్న ఛానెళ్ల అసలు నంబరు చూడండి. అది 2 అయితే ఆయన్ని లో-పాస్ ఫిల్టర్ పెట్టమనండి. 14 పైన ఉంటే ముందు మీ ఏరియల్ దగ్గరి బూస్టర్ తీసి కేబుల్ నేరుగా తగిలించి, మళ్లీ ఆయన్ని మాట్లాడమనండి. అప్పుడు బాగుంటే ఉక్కిరిబిక్కిరవుతున్నది బూస్టరే.